అప్ప వచ్చి ముట్టుకోవాల

మా జాలరిపేటలో దొంగా పోలీసు ఆటకి ఒకటే గట్టి రూలు. పట్టుబడిన దొంగ జైల్లో కూర్చోవాలి. జైలంటే ఒడ్డున ఇసకలో పడున్న పాత నావ. ఒకసారి అందులోకి దిగాక తనంతట తాను బయటికి రాకూడదు. ఇంకా పట్టుబడని దొంగ ఎవరో ఒకరు పోలీసుల కళ్ళు కప్పి వచ్చి చేత్తో ముట్టుకోవాలి. ముట్టుకుంటే విడుదల. ముట్టుకోకపోతే ఎంతసేపైనా అక్కడే. మిగతా రూళ్ళన్నీ రోజుకోలా మారేవి, ఎవరి నోరు పెద్దదైతే వాళ్ళదే రూలు. ఈ ఒక్కదాని జోలికి మాత్రం ఎవరూ వెళ్ళేవాళ్ళు కాదు. సొంతంగా నావ దిగినవాణ్ణి "తొండి, తొండి" అని వారం రోజులు ఏడిపించి చంపేవాళ్ళం.

మా తమ్ముడికంటే నేను రెండేళ్ళు పెద్ద. నోరు ఉంది గానీ పరుగు లేదు నాకు. చేతులు కలిపి పంటలేసుకొని దొంగల వైపు పడ్డానంటే చాలు, పోలీసులు ముందు నా మీదికే వచ్చేవాళ్ళు. సులువు కదా. పది అడుగులు వెయ్యకముందే జడ పట్టుకునేవాళ్ళు. ఇంక వెళ్ళి నావలో కూర్చోవడమే. ఆ నావలో నేను కూర్చున్నంత సేపు చేపలు కూడా కూర్చొని ఉండవు. కూర్చొని ఒక్కదాని కోసమే చూసేదాన్ని. ఎండబెట్టిన వలల కుప్ప వెనక నుంచో, చేపల తట్టల మధ్య నుంచో మా తమ్ముడి తల బయటికి వస్తుందా అని.

వచ్చేవాడు. ఎప్పుడూ వచ్చేవాడు. ఇద్దరు ముగ్గురు పోలీసుల్ని ఒడ్డు పొడుగునా తిప్పి తిప్పి, వాళ్ళు రొప్పుతూ నిలబడిపోయాక, నీళ్ళ వైపు నుంచి వంగి వంగి వచ్చి నావ అంచు మీంచి చెయ్యి చాచేవాడు. "అప్పా, సెయ్యియ్యి, బేగి!" మా వైపు అక్కని అప్ప అంటారు. ఆ చెయ్యి తడిగా, ఇసకిసకగా తగిలేది. నేను లేచి పరిగెత్తేదాన్ని, మళ్ళీ రెండు నిమిషాల్లో దొరికిపోయేదాన్ని. వాడు నెత్తి కొట్టుకునేవాడు. "ఓలమ్మో, నిన్ను ఇడిపించడానికే నా పేణం పోతంది." అయినా మళ్ళీ వచ్చేవాడు.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఇప్పుడు వాడు జైల్లో ఉన్నాడు. నిజం జైల్లో. పక్క దేశం జైల్లో. బయట ఉన్న దొంగని నేనొక్కదాన్నే.

ముందు నుంచీ చెప్పాలి. మా తమ్ముడు హార్బర్లో ఒక మరబోటు మీద కళాసీ. అంటే బోటు వాడిది కాదు, వల లాగడం, చేప ఏరడం, ఐసు కొట్టడం వాడి పని. వేసవిలో రెండు నెలలు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కదా, బోట్లన్నీ జెట్టీకి కట్టేసి మగాళ్ళంతా ఇళ్ళలో ఉంటారు. కొందరు పేకాడతారు, కొందరు తాగి పడుకుంటారు, కొందరు పెళ్ళాల్ని సతాయిస్తారు. మావాడు ఏం చేసేవాడో తెలుసా? పొద్దున్నంతా వల బాగు చేసుకొని, సాయంత్రం వీధి పిల్లలతో దొంగా పోలీసు ఆడేవాడు. ముప్పై దాటినవాడు! పిల్లలు ఫోన్లలో మునిగిపోయి ఆటలు మరిచిపోయారని టీవీల్లో బాధపడే పెద్దమనుషులు ఒక్కసారి మా వీధికి రావాలి. వాళ్ళ కాళ్ళ మధ్య నుంచి దూరి పారిపోతారు మా గుంటలు.

వాడి కూతురికి ఏడేళ్ళు. దానికి ఆ ఆట నేర్పింది వాడే. పాత నావ ఏనాడో పొయ్యిలోకి పోయింది, దాని చోట ఇప్పుడు అడుగు పగిలిన ఫైబర్ బోటు ఒకటి ఉంది. అదే జైలు. పిల్ల నా పోలిక. పరుగు రాదు, నోరు మాత్రం ఇంత. అది పట్టుబడి ఆ బోటులో కూర్చుంటే తండ్రి నీళ్ళ వైపు నుంచి వంగి వంగి వచ్చేవాడు. మా అమ్మ గుమ్మంలో నిలబడి తిట్టేది, "గెడ్డం నెరుస్తంది, గుంటల్తో పరుగులేటిరా నీకు? సిగ్గునేదూ?" వాడు ఒగరుస్తూ నవ్వేవాడు. పోయిన వేసవిలో నేను రెండు రోజులుండి వెళ్దామని నా కాపురం ఉన్న పెందుర్తి నుంచి వచ్చినప్పుడు కూడా ఇదే తంతు. నన్ను చూసి, "అప్పా, నువ్వూ రా, ఒకాటాడదాం" అన్నాడు. మోకాళ్ళు నొప్పిరా అని అన్నాను. అది నిజమే గానీ, సిగ్గుపడ్డాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది నా మీద నాకే. ఒక్క ఆట ఆడి ఉంటే నా సొమ్మేం పోయేది?

ఆ వేసవి నిషేధం అయిపోయింది. బోటుకి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. తొమ్మిదిమంది ఎక్కారు. మామూలుగా పదిహేను రోజుల్లో వచ్చేస్తారు. ఇరవై రోజులైనా రాలేదు.

వాళ్ళతోపాటు వెళ్ళిన ఇంకో బోటు ముందు వచ్చింది. ఆ బోటువాళ్ళు వైర్‌లెస్‌లో విని వచ్చి చెప్పింది ఇది. ఒడిశా దాటి పైకి వెళ్ళారు, అక్కడ ఈ రోజుల్లో చేప బాగా పడుతుంది. సాయంత్రం వల వేశారు. వల ఒక కొస బోటుకి కట్టి ఉంటుంది. రాత్రి గాలి లేచి ఆ తాడు తెగింది. తెల్లారి చూస్తే వల లేదు. నీళ్ళ లాగుడుకి అది కొట్టుకుపోయింది. దూరంగా వల కొసన కట్టిన కర్ర మీద జెండా ఒక్కటి కనిపిస్తోంది. దాని వెనకే వెళ్ళారు. వల దేశం దాటింది, వల వెనక మావాళ్ళు దాటారు. వల అంచు చేత్తో పట్టుకున్నాక అటువైపు గస్తీ బోటు వచ్చింది.

ఆ తరవాత నేను ఎన్ని ఆఫీసులు తిరిగానో, ఎక్కడికెళ్ళినా మొదటి ప్రశ్న ఒకటే. "వల పోతే పోయిందమ్మా, దాని వెనక ఎందుకెళ్ళారు? జీపీఎస్‌లో సరిహద్దు గీత కనిపిస్తుంది కదా?"

"కనిపిస్తాది సార్," అన్నాను ఒకసారి. "వల కూడా కనిపిస్తాది."

ఆయనకి అర్థం కాలేదు. తప్పు ఆయనది కాదు. వల అంటే బజారులో కొనే వస్తువు అనుకుంటారు బయటివాళ్ళు. నిషేధం రెండు నెలలూ ఆ వల మా వీధి అరుగుల మీదే ఉంది. మా అమ్మ, మా మరదలు, మావాడు, చుట్టుపక్కల ఆడవాళ్ళు ఒక్కొక్క వల కన్నూ చూసి చిరుగులు కట్టారు. పిల్ల కూడా కట్టింది, దాని ముళ్ళన్నీ వాళ్ళ నాన్న రాత్రి విప్పి మళ్ళీ కట్టేవాడు, అది చూడకుండా. కళ్ళ ముందు వల కనిపిస్తుంటే వదిలేసి బోటు తిప్పుకొని రావడం మావాళ్ళకి చేతకాదు. చచ్చినా చేతకాదు. అది తప్పే. ఆ తప్పు మావాళ్ళే చెయ్యగలరు.

ఇంటి మొత్తానికి డిగ్రీ చదివింది నేనే. పెందుర్తిలో ఇంటి ముందు గదిలో జిరాక్సు మెషీను, కంప్యూటరు పెట్టుకొని కాలనీ వాళ్ళకి అప్లికేషన్లు నింపి పెడతాను. మా ఆయనకి పరవాడ ఫ్యాక్టరీలో షిఫ్టులు. ఆయన్నీ పిల్లల్నీ అత్తగారికి ఒప్పజెప్పి, షాపుకి తాళం వేసి, రెండు బస్సులు మారి అమ్మ దగ్గరికి వచ్చేశాను. వచ్చేసరికి తొమ్మిది ఇళ్ళ ఆడవాళ్ళూ మా అరుగు మీద కూర్చొని ఉన్నారు. నన్ను చూడగానే ఒకావిడ లేచి నా రెండు చేతులూ పట్టుకుంది. "నువ్వొచ్చీసావ్, ఇంక బయం లేదు. నువ్వు సదువుకున్నదానివి. నువ్వే సూడాల." ఇంట్లో ఏ బల్బు మాడినా ఎలక్ట్రీషియన్ వైపు చూసినట్టు నా వైపు చూస్తున్నారు. నాకు తెలిసిందల్లా కాయితం రాయడం.

రాశాను. తొమ్మిదిమందికీ రాశాను. ఫొటోలు అడిగారు, ఇచ్చాను. ఆధార్ అడిగారు. ఒరిజినల్ కార్డులన్నీ వాళ్ళ దగ్గరే ఉన్నాయి, సముద్రం మీద ఎవరైనా ఆపితే చూపించడానికి పాలిథిన్ కవర్లో చుట్టి మొలకి కట్టుకొని వెళ్తారు. ఇంట్లో ఉన్నవి మసకబారిన జిరాక్సులు. వాటికి మళ్ళీ జిరాక్సులు తీశాను. బోటు కాయితాలు, మత్స్యకారుల కార్డులు, ఇంటింటికీ సంతకాలు, వేలిముద్రలు. చేపల ఆఫీసు, కలెక్టరాఫీసు, అక్కణ్ణుంచి ఇంకో ఆఫీసు. కాళ్ళరిగేలా తిరిగాను.

నా కోపం సంగతి మా వీధిలో ఎవర్ని అడిగినా చెబుతారు. రేషన్ షాపులో తూకం తేడా వస్తే తక్కెడ ఎత్తి రోడ్డు మీద పెట్టినదాన్ని. ఎవరైనా కసురుకుంటే, లంచం అడిగితే, రేపు రా ఎల్లుండి రా అని తిప్పితే, అక్కడే తాడో పేడో తేల్చేద్దామని వెళ్ళాను. ఒక్కరూ కసరలేదు. కుర్చీ వేశారు. మంచినీళ్ళిచ్చారు. ఒక మేడమ్ గారైతే నా ఫైలు చూసి, "ఇంత నీట్‌గా ఎవరు రాశారమ్మా?" అని మెచ్చుకున్నారు. ఆఖర్న అందరిదీ ఒకటే మాట. "మా చేతిలో ఉన్నది చేశాం. పైకి పంపాం. అక్కణ్ణుంచి వాళ్ళ దేశంతో మాట్లాడాలి. కబురొస్తే ఫోన్ చేస్తాం." ఇంక నేను ఎవర్ని తిట్టను? దండం పెట్టి బయటికొచ్చి, మెట్ల మీద చెప్పులు వేసుకుంటూ ఏడ్చేదాన్ని. అంత కోపం ఉండీ ఒక్కరి మీద చూపించడానికి లేకపోవడం ఎంత నరకమో నాకప్పుడు తెలిసింది.

పిల్లకి మేం నిజం చెప్పలేదు. "నాన్న వేటలో ఉన్నాడు, సేపలు బాగా పడతన్నాయంట" అన్నాం. చెప్పింది మా అమ్మ, తలూపింది మా మరదలు, నోరు మూసుకున్నది నేను. వీధి మొత్తానికి తెలిసిన సంగతి ఇంట్లో ఒక్క పిల్లకి దాచడం ఎంత తెలివితక్కువ పనో అప్పుడు తట్టలేదు.

ఒక సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఒడ్డున పిల్లలు గుండ్రంగా నిలబడి పంటలేసుకుంటున్నారు. మా పిల్ల చెయ్యి చాచింది. ఎదురుగా ఉన్న పదేళ్ళ గుంట దాని చెయ్యి తోసేసింది.

"నీకు పంటలెందుకే? నువ్వు దొంగవే."

"ఏటీ, నానెందుకు? రోజూ నానేనా?"

"మీ నాన్న జైల్లో ఉన్నాడు కదే. మీది దొంగల ఇల్లు."

అది తిట్టాలని అన్నది కాదు. ఆటలో ఎవరు ఏ వైపో తేల్చినంత మామూలుగా అంది. నాకు మాత్రం ఒళ్ళు తెలియలేదు. చేతిలో ఫైలు ఇసకలో పడేసి వాళ్ళ మీదికి వెళ్ళాను. పోలీసు కర్రలని పట్టుకున్నవన్నీ లాక్కొని విరిచి పారేశాను. "ఎవత్తే దొంగల ఇల్లన్నాది? రండే, మీ అమ్మల దగ్గరికి పదండే!" అని అరిచాను. పిల్లలు తలోదిక్కూ పారిపోయారు. ఆ పదేళ్ళ గుంట మాత్రం పారిపోలేదు. బిక్కమొహం వేసుకొని, "మా నాన్న కూడా అక్కడే ఉన్నాడు కదా అత్తా," అంది. తొమ్మిదిమందిలో దాని తండ్రి ఒకడు. ఇసకలో చెదిరిన కాయితాలు ఏరుకోవడానికి ఆ పిల్లే సాయం చేసింది.

మా పిల్ల ఏడవలేదు. ఇంటికొచ్చాక నా పక్కన కూర్చొని అడిగింది.

"అత్తా, నాన్న దొంగతనం సేసాడా?"

"లేదమ్మా. వల కోసం ఎల్లాడు. అటేపు నీళ్ళలోకి ఎల్లిపోయాడు."

"వల మనదే కదా?"

"మనదే."

"మన వల మనం తెచ్చుకుంటే దొంగతనమెలాగ?"

ఏ ఆఫీసులోనూ నన్నెవరూ ఇంత తిన్నగా అడగలేదు. గీత గురించీ, దేశాల గురించీ ఏదో చెప్పాను. అది వింటూనే ఉంది గానీ దాని బుర్ర ఇంకెక్కడో ఉంది. ఆఖర్న, "అయితే ఎవులైనా ఎల్లి ముట్టుకుంటే ఒగ్గేత్తారు కదా," అంది.

"అది ఆటమ్మా. నిజం జైల్లో అలా కుదరదు."

"నువ్వెల్లి అడిగావా?"

అడిగానని ఎలా చెప్పను? అడగలేదని ఎలా చెప్పను?

మర్నాటి నుంచి మొదలైంది దాని పట్టు. పంటలేసుకోవడం లేదు, పరిగెత్తడం లేదు. ఆట మొదలవగానే నేరుగా వెళ్ళి ఆ పగిలిన ఫైబర్ బోటులో కూర్చుంటుంది. ఎవరైనా దొంగ వచ్చి ముట్టుకుంటే, "నువ్వు కాదు" అంటుంది. పిల్లలు రెండు రోజులు విసుక్కున్నారు, మూడో రోజు నుంచి దాన్ని వదిలేసి ఆడుకున్నారు. స్కూలు నుంచి వచ్చి సంచీ పడేసి అక్కడికే. దీపాలు పెట్టే వేళ అయినా రాదు. మరదలు వెళ్ళి బతిమాలింది, వీపు మీద ఒకటేసింది, తనే పక్కన కూలబడి ఏడ్చింది. మా అమ్మ "తూచ్ తూచ్, ఆటైపోయింది, అందరూ ఇడుదల" అంది. "జైల్లో ఉన్నోలికి తూచ్ సెల్లదు నానమ్మా," అంది పిల్ల. ఆ రూలు కూడా మేం పెట్టుకున్నదే. చివరికి రోజూ ఎవరో ఒకరు చంకనేసుకొని తీసుకురావాల్సిందే. ఎత్తుకుంటే గింజుకోదు, గోల చెయ్యదు. ఇంట్లో రెండు ముద్దలు తిని గోడ వైపు తిరిగి పడుకుంటుంది. మొండిది అనుకుంటే రెండు తగిలించి దారికి తెద్దును. అది మొండితనం కాదు. వాళ్ళ నాన్న లోపల ఉండగా తను బయట తిరగడం దానికి తొండాటలా ఉంది. పది రోజులకి చేతులు పుల్లల్లా అయిపోయాయి. మూతి ఆరిపోయింది. మా మరదలు నా మొహంలోకి చూడడం మానేసింది. "వదినా, ఆయన సంగతి తరవాత, ముందు దీన్ని బతికించు" అంది ఒకరోజు, వీపు అటు తిప్పుకొనే. తొమ్మిదిమందిని విడిపించాల్సినదాన్ని, ఒక్క పిల్లని బోటులోంచి దింపలేకపోయాను.

అంతలో ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. పరిగెత్తుకుంటూ వెళ్ళాను. విడుదల కబురు కాదు. మన దేశం ఆఫీసర్లెవరో ఆ జైలుకి వెళ్ళి చూసి, అందరి చేతా తలో రెండు ముక్కలు రాయించుకొచ్చారట. మేడమ్ గారు ఆ కాయితాల కాపీలు నా ముందు పెట్టి, ఎవరివి ఎవరివో చూసి చెప్పమన్నారు. మావాడిది వెతకక్కర్లేకపోయింది. ఐదో తరగతిలో ఆపేసినవాడు. ఒక్కొక్క అక్షరమూ గింజంత, గీతలు దాటి కిందికి జారిపోతూ. అలాగే రాశాడు, ఎలా మాట్లాడతాడో అలాగే.

"అప్పా, మేం తొమ్మిది మందిమీ బాగున్నాం. కొట్టడం నేదు. అన్నం పెడతన్నారు, సేపల కూర కూడా పెడతన్నారు గానీ ఆవనూనె వాసన. వల పోనాది. అమ్మకి సెప్పకు, బెంగెట్టుకుంటాది. గుంటకి ముళ్ళు బాగా కట్టావని సెప్పు. మా అప్ప సదువుకున్నాది, అదొస్తాది అని ఇక్కడ అందరికీ సెప్పాను. నువ్వొచ్చిందాకా కూకుంటాను."

మేడమ్ గారు ఏదో అడుగుతున్నారు. నాకు వినపడలేదు. "నువ్వొచ్చిందాకా కూకుంటాను." ఈ మాట వాడు నాతో ఇంతకు ముందు ఒకసారి అన్నాడు.

వాడు ఎప్పుడూ వచ్చి నన్ను విడిపించేవాడని అన్నాను కదా. ఒక్కసారి మాత్రం వాడే పట్టుబడ్డాడు. వాడికి ఎనిమిదేళ్ళు, నాకు పది. కాలికి గాజుపెంకు గుచ్చుకొని పరిగెత్తలేక దొరికిపోయాడు. ఆ రోజు దొంగల్లో అందరూ దొరికిపోయారు, వలల కుప్ప వెనక దాక్కున్న నేను తప్ప. నావలో నుంచి అరిచాడు. "అప్పా, బేగి రాకు! సూసుకొని రా! నువ్వొచ్చిందాకా కూకుంటాను!" నేను తల బయటికి పెట్టి చూశాను. ముగ్గురు పోలీసులు నావ చుట్టూ. భయమేసింది. తల లోపలికి లాక్కున్నాను. మరి కాసేపాగి వెళ్దామనుకున్నాను. ఇంతలో ఇంట్లోంచి అమ్మ పిలిచింది. అన్నం, చేపల పులుసు. ఆకలి దంచేస్తోంది. వెనక సందులోంచి ఇంటికి వెళ్ళిపోయాను. తిన్నాను. తిన్నాక పడుకున్నాను. నిజం చెప్పాలంటే మరిచిపోయాను.

పోలీసులు ఇళ్ళకి పోయారు. పట్టుబడ్డ మిగతా దొంగలూ పోయారు. వీడు పోలేదు. చీకటి పడ్డాక మా నాన్న హార్బర్ నుంచి వస్తూ, నావలో ముడుచుకొని నిద్రపోతున్న వాణ్ణి చూసి భుజాన వేసుకొచ్చాడు. పొద్దున్న వాడు నా ముందుకొచ్చి చెయ్యి చాచాడు. "నన్ను నాన్న ముట్టుకున్నాడు. నాన్న దొంగల్లో నేడు కదా, సెల్లదు. నువ్వు ముట్టుకో అప్పా." స్కూలుకి టైమైపోతోంది నాకు. "పోరా ఎర్రోడా" అని సంచీ తగిలించుకొని వెళ్ళిపోయాను. తరవాత వాడు ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. మళ్ళీ ఆటాడితే నన్ను విడిపించడానికి మళ్ళీ వచ్చాడు.

కాపీ మడిచి జాకెట్లో పెట్టుకొని జాలరిపేట చేరేసరికి సాయంత్రమైంది. దూరంగా లంగరేసిన ఓడల్లో దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. పిల్లలు ఆడుకొని వెళ్ళిపోయారు. మా పిల్ల ఒక్కతే ఫైబర్ బోటులో మోకాళ్ళు ముడుచుకొని కూర్చొని ఉంది. నేను కూడా లోపలికి దిగి పక్కన కూర్చున్నాను. అది నన్ను ఎగాదిగా చూసింది.

"నిన్నూ పట్టీసుకున్నారా అత్తా?"

"లేదే. ఊరికే కూకున్నాను."

"ఊరికే కూకోకూడదు. నువ్వూ నోపలుంటే బయటెవులున్నారు?"

ఉత్తరం తీసి చదివి వినిపించాను. ముళ్ళు బాగా కట్టావన్న దగ్గర దాని మొహంలో చిన్న వెలుగు వచ్చింది. ఆఖరి మాట రెండుసార్లు చదివించుకుంది. దాన్ని ఎలాగైనా మాట్లాడించాలని, వాళ్ళ నాన్న చిన్నప్పుడు నావలో కూర్చుండిపోయిన సంగతి చెప్పడం మొదలుపెట్టాను. గాజుపెంకు గురించి చెప్పాను, చుట్టూ పోలీసుల గురించి చెప్పాను, "అప్పా, నువ్వొచ్చిందాకా కూకుంటాను" అని అరిచాడని చెప్పాను. అక్కడ ఆగిపోయాను. అక్కడిదాకా ఎందుకు తెచ్చానా అని నా నాలుక నేనే కొరుక్కున్నాను.

పిల్ల నా వైపు పూర్తిగా తిరిగింది. చాలా రోజుల తరవాత దాని కళ్ళలోకి ప్రాణం వచ్చింది.

"మరి? అప్పుడు నువ్వెల్లి ముట్టుకున్నావా?"

దాని మెడ ఎముకలు కనిపిస్తున్నాయి. పెదాలు పగిలిపోయి ఉన్నాయి. ఇంట్లో అన్నం వార్చిన వాసన వస్తోంది.

"ముట్టుకున్నాను," అన్నాను.

"పోలీసులున్నా?"

"ఉన్నా ఎల్లాను."

"బేగే ఎల్లావా?"

"బేగే."

వేళ్ళ మీద ఏదో లెక్క చూసుకున్నట్టు చూసుకుంది. తరవాత నిట్టూర్చి, ఇంక తన పని అయిపోయినట్టు, చెయ్యి నా ముందుకి చాచింది. "అయితే సరే. నాన్ననీ ముట్టుకుంటావు." ఆ చిన్న చేతిని పట్టుకున్నాను. ఇసకిసకగా ఉంది. అది ఎగిరి బోటులోంచి బయటికి దూకి ఇంటి వైపు పరిగెత్తింది. "నానమ్మా, ఆకలేత్తంది! అత్త ఎల్లి నాన్నని ముట్టుకుంటాదంట!" అని గుమ్మం దగ్గర అరవడం నాకు ఇక్కడికి వినిపించింది. మా మరదలు ఏదో అంటూ ఒక్కసారిగా ఏడవడం కూడా వినిపించింది. కంచం చప్పుడైంది. పిల్ల తింటోంది.

నేను లేవలేదు. వాడు లోపల కూర్చొని ఉన్నాడు, రూలు తప్పనివాడు, నేను వస్తానని ఎనిమిది మందికి చెప్పుకొని. నా దగ్గర జిరాక్సు కాయితాలు తప్ప ఏమీ లేవు. ఏ దారి పట్టుకొని, ఏ గీత దాటి, ఎలా వెళ్ళి వాణ్ణి ముట్టుకోను?

"ఒలే, అన్నం సల్లారిపోతంది, రాయే!" అని అమ్మ గుమ్మంలోంచి పిలిచింది. రెండోసారి పిలిచింది. మూడోసారీ పిలిచింది. వాడు నావలో కూర్చున్న ఆ రోజు నేను మొదటి పిలుపుకే వెళ్ళి తినేశాను.